రంపం ఇంటికి వచ్చింది, కాపలా రాలేదు



శస్త్రవైద్యుడిగా పనిచేసిన రోజుల్లో నేను తరచుగా విన్న మాట ఒకటుంది. “ఒక్క క్షణం ఏమరుపాటు, డాక్టరుగారూ.” రక్తంతో తడిసిన తువ్వాలు చేతికి చుట్టుకుని వచ్చినవారిలో చాలామంది ఇదే చెప్పేవారు. నేనూ చాలాకాలం తల ఊపి, “ఇకనుంచైనా జాగ్రత్తగా ఉండండి” అని పంపేవాడిని. ఆ సలహా ఎంత పేలవమైనదో నాకు తెలియజెప్పినవారు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు.

పదిహేనేళ్లుగా పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని, పీటలు, పుస్తకాల అల్మరాలు, పూజామందిరాలు తయారుచేయడం ఆయన వ్యాపకం. ఒక సాయంత్రం ఎడమచేతి చూపుడువేలు, నడిమివేలు తెగిపోయి ఆసుపత్రికి వచ్చారు. గాయం నిండా కాఫీపొడి అద్దారు. కొడుకు చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. అందులో మంచుముక్కల నడుమ నేరుగా పెట్టిన రెండు వేళ్లు గడ్డకట్టి ఉన్నాయి. వాటిని తిరిగి అతికించే అవకాశం లేకపోయింది.

“తప్పు నాదేనండీ. లోపల ఫోను మోగింది, తల తిప్పాను” అన్నారాయన. కట్టు కడుతూ, యంత్రానికి గార్డు లేదా అని అడిగాను. “ఉండేది. కొన్న వారానికే తీసేశాను. అది ఉంటే గీత కనపడదు” అన్నారు.

ఫోను మోగితే తల తిప్పడం తప్పా? పదిహేనేళ్లలో ఏ మనిషైనా ఒక్కసారి తల తిప్పకుండా ఉండగలడా? ఈ ప్రశ్నలకు జవాబు వైద్యగ్రంథాల్లో కన్నా చరిత్రలో బాగా దొరుకుతుంది. కరెంటు రంపం పుట్టి, పెరిగి, మన ఇళ్లలోకి వచ్చిన కథను అందుకే ఈసారి మీ ముందు ఉంచుతున్నాను.

చెయ్యి ఆగితే ఆగే రంపం

రంపం మనిషికి వేల ఏళ్లుగా పరిచయమైన పనిముట్టే. దుంగను ఎత్తున నిలిపి, పైన ఒకరు, కింద ఒకరు నిలబడి పొడవాటి రంపాన్ని లాగుతూ పలకలు కోసే పద్ధతి ఎన్నో దేశాల్లో ఉండేది. ఆ పనిలోనూ గాయాలు ఉండేవి. కానీ చేతిరంపానికి శక్తినిచ్చేది చెయ్యే. పన్ను చర్మానికి తగలగానే నొప్పి పుడుతుంది, చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే రంపమూ ఆగుతుంది. గాయపడే మనిషే ఆ పనిముట్టుకు ఇంజను కావడం వల్ల, గాయం సాధారణంగా ఎముకదాకా పోయేది కాదు.

గుండ్రటి రంపం ఈ బంధాన్ని తెంచింది. ఇంగ్లండులోని సౌతాంప్టన్‌వాసి శామ్యూల్ మిల్లర్ 1777లో పొందిన పేటెంటులో గుండ్రటి రంపం ప్రస్తావన కనిపిస్తుంది. 19వ శతాబ్ది తొలి దశకంలో పోర్ట్స్‌మత్ నౌకాస్థావరంలో మార్క్ ఇసంబార్డ్ బ్రూనెల్ రూపొందించిన యంత్రాలు ఓడలకు కావలసిన చెక్క కప్పీలను వేల సంఖ్యలో తయారుచేశాయి. ఆ యంత్రాల వరుసలో గుండ్రటి రంపాలూ ఉన్నాయి. వాటిని నడిపింది ఆవిరి. అప్పటినుంచి రంపానికి, దానిని వాడే మనిషి నొప్పికి సంబంధం లేకుండా పోయింది. మనిషి ఆగినా రంపం ఆగదు.

ఆ వేగాన్ని ఒకసారి లెక్కవేసి చూద్దాం. నేడు ఇళ్లలో వాడే టేబుల్ రంపానికి సాధారణంగా 10 అంగుళాల బ్లేడు ఉంటుంది. అది నిమిషానికి సుమారు 4,000 చుట్లు తిరుగుతుంది. అంటే అంచున ఉన్న పన్ను సెకనుకు 53 మీటర్లు, గంటకు దాదాపు 190 కిలోమీటర్ల వేగంతో పోతుంది. బ్లేడుకు 40 పళ్లు ఉంటే, ఒక్క సెకనులో 2,600కు పైగా పళ్లు ఒకే చోటును దాటిపోతాయి. ప్రమాదాన్ని గుర్తించి చేతిని వెనక్కి లాగడానికి ఆరోగ్యవంతుడైన మనిషికి సుమారు సెకనులో ఐదోవంతు సమయం పడుతుంది. ఆ లోపల 500 పళ్లు దాటిపోతాయి. నొప్పి తెలిసేసరికి వేలు ఉండదు.

మరొక సంగతి చాలామందికి తెలియదు. టేబుల్ రంపం దగ్గర ఎన్నో గాయాలు చెయ్యి బ్లేడు మీదికి జారడం వల్ల కాక, చెక్క వెనక్కి తన్నడం వల్ల జరుగుతాయి. బ్లేడు ముందు భాగంలో పళ్లు కిందికి దిగుతాయి, వెనుక భాగంలో పైకి లేస్తాయి. కోసిన చెక్క వంకరపోయి వెనుక పళ్లను బిగించిందంటే, అవి దానిని పైకెత్తి, నిలబడిన మనిషి మీదికి విసురుతాయి. చెక్కను తోస్తున్న చెయ్యి ఆ క్షణంలో పట్టుతప్పి బ్లేడు మీద పడుతుంది. ఇదంతా మీరు కళ్లార్పే లోపలే జరిగిపోతుంది. ఇక్కడ జాగ్రత్తపడడానికి వ్యవధి ఎక్కడ?

“అజాగ్రత్త” అనే తీర్పు

కర్మాగారాల్లో చేతులు, ప్రాణాలు పోవడం మొదలైన నాటినుంచీ వినిపించే వాదన ఒకటే: పనివాడు అజాగ్రత్తగా ఉన్నాడు. ఆ వాదనతో సమాజం చేసిన పోరాటమే యంత్రభద్రతా చరిత్ర.

బ్రిటన్‌లో 1844 నాటి ఫ్యాక్టరీ చట్టం ప్రమాదకరమైన యంత్రభాగాలకు కంచె వేయాలని మొదటిసారి ఆదేశించింది. మిల్లు యజమానులు ఎదురుతిరిగారు. 1855లో ఒక సంఘంగానే ఏర్పడ్డారు. చార్లెస్ డికెన్స్ నడిపిన “హౌస్‌హోల్డ్ వర్డ్స్” వారపత్రిక యంత్రాల్లో పడి నలిగిపోయిన కార్మికుల గురించి వ్యాసాలు ప్రచురించి ఆ యజమానులను తీవ్రంగా విమర్శించింది. యజమానుల పక్షాన హారియెట్ మార్టినో అనే ప్రసిద్ధ రచయిత్రి అదే ఏడాది ఒక పుస్తకం రాశారు. ఇంగ్లీషు సాహిత్యంలో ఇద్దరు పెద్దలు ఇరుపక్షాలా నిలబడి వాదించుకున్న విషయం, యంత్రానికి కంచె ఉండాలా వద్దా అన్నది!

అమెరికాలో ఈ వాదనను లెక్కలతో ఎదుర్కొన్న వ్యక్తి క్రిస్టల్ ఈస్ట్‌మన్. న్యాయశాస్త్రం చదివిన ఆమె, పిట్స్‌బర్గ్ నగరం ఉన్న అలెఘెనీ కౌంటీలో ఒక్క ఏడాదిలో పనిలో మరణించిన 526 మంది ఉదంతాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, 1910లో గ్రంథంగా వెలువరించారు. మరణాల్లో ఎక్కువ భాగాన్ని చనిపోయినవాడి అజాగ్రత్తకు అంటగట్టడం కుదరదని ఆమె పరిశీలనలో తేలింది. ఆమె చెప్పిన మరో సంగతి ఇంకా విలువైనది. గంటల తరబడి ప్రమాదం పక్కనే పనిచేసే మనిషికి ఆ ప్రమాదం అలవాటైపోతుంది. భయం పోయినచోట జాగ్రత్త నిలవదు. కనుక దానిని మనిషి మనసులో వెతకకూడదు, యంత్రంలో ఏర్పాటు చేయాలి.

రంపాల విషయంలో ఈ బుద్ధి బ్రిటన్‌కు 1922లో వచ్చింది. ఆ ఏడాది వెలువడిన చెక్కపని యంత్రాల నిబంధనలు గుండ్రటి రంపానికి పైన గార్డు, బ్లేడు వెనుక రైవింగ్ నైఫ్ ఉండాలని ఆదేశించాయి. రైవింగ్ నైఫ్ అంటే కోసే కత్తి కాదు. బ్లేడు వెనుక, దానికి సరిగ్గా వరుసలో నిలబడే పలుచని ఉక్కు రేకు. కోసిన చెక్క రెండు ముక్కలూ మూసుకుపోయి వెనుక పళ్లను బిగించకుండా అది అడ్డుపడుతుంది. ఇంత చిన్న రేకు, ఇంత తక్కువ ఖర్చు, అయినా చెక్క వెనక్కి తన్నే ప్రమాదాన్ని అది ఎంతగానో తగ్గిస్తుంది.

మన దేశంలో 1923లో కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చింది. దాని అనుబంధ పట్టికను చూస్తే చేతి విలువ లెక్కల్లో కనిపిస్తుంది. బొటనవేలు మొత్తం పోతే సంపాదనాశక్తిలో 30 శాతం నష్టం. చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50 శాతం. 1948 ఫ్యాక్టరీల చట్టం యంత్రాలకు కంచె తప్పనిసరి చేసింది. కానీ ఆ చట్టం కరెంటుతో నడిచే చోట కనీసం పదిమంది పనిచేస్తేనే దానిని ఫ్యాక్టరీగా లెక్కించింది. మీ వీధి చివర ఇద్దరు మనుషులతో నడిచే వడ్రంగి దుకాణం ఆ లెక్కలోకి రాలేదు. మీ పెరట్లోని షెడ్డు అసలే రాలేదు.

గేటు దాటి ఇంట్లోకి

రంపం కర్మాగారం గేటు దాటి బయటికి వచ్చిన కథకు 1920లు ముఖ్యమైనవి. అమెరికాలో రేమండ్ డివాల్ట్ 1922లో తయారుచేసిన రేడియల్ ఆర్మ్ రంపం ఒకే మనిషి అనేక రకాల కోతలు కోసుకునే వీలు కల్పించింది. 1924లో ఎడ్మండ్ మిషెల్, లూయిసియానాలో చెరకు నరికే కత్తిని చూసి, దానికి మోటారు తగిలిస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడు. ఆ ఆలోచనే చేతితో పట్టుకుని వాడే గుండ్రటి రంపంగా పరిణమించింది. రంపం దగ్గరికి చెక్కను తీసుకుపోయే రోజులు పోయి, చెక్క ఉన్నచోటికే రంపం రావడం మొదలైంది.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక లక్షలాది సైనికులు ఇళ్లకు తిరిగివచ్చారు. కొత్త ఇళ్లు, కొత్త గ్యారేజీలు వెలిశాయి. 1946లో బ్లాక్ అండ్ డెకర్ సంస్థ గృహస్థుల కోసమే చవకైన డ్రిల్లు యంత్రాలను అమ్మకానికి పెట్టింది. 1954లో “టైమ్” పత్రిక తన పనులు తానే చేసుకునే గృహస్థుడిని ముఖచిత్రంగా వేసింది. ఒకప్పుడు శిక్షణ పొందిన కార్మికుడు, ఫోర్‌మన్ కనుసన్నల్లో, తనిఖీ అధికారి భయం ఉన్నచోట వాడిన యంత్రాన్ని, ఆదివారం మధ్యాహ్నం ఒక బ్యాంకు గుమాస్తా ఒంటరిగా వాడడం మొదలుపెట్టాడు.

యంత్రం ఇంటికి వచ్చింది. దానికి కాపలాగా ఉన్న చట్టం మాత్రం కర్మాగారం గేటు దగ్గరే నిలిచిపోయింది. 1970లో అమెరికా తెచ్చిన వృత్తిభద్రతా చట్టం పనిచోటుకే పరిమితం. ఇంట్లో గార్డు తీసేస్తే అడిగేవారు ఎవరూ లేరు. బ్రిటన్‌లో 1922లోనే తప్పనిసరైన రైవింగ్ నైఫ్, అమెరికాలో అమ్మే కొత్త టేబుల్ రంపాలన్నింటికీ ప్రమాణంగా మారడానికి ఎనభై ఏళ్లకు పైగా పట్టింది. ఆ దేశంలో టేబుల్ రంపం బ్లేడు తగిలి ఏటా 30,000 మందికి పైగా గాయపడుతున్నారనీ, వారిలో సుమారు 4,000 మందికి వేళ్లో చేతిభాగాలో తెగిపోతున్నాయనీ అక్కడి ప్రభుత్వ అంచనాలు చెబుతున్నాయి. అమెరికాలో స్థిరపడి, గ్యారేజీలో చెక్కపని నేర్చుకుంటున్న మన పిల్లలు ఈ అంకెలను గుర్తుంచుకోవాలి.

మన ఊళ్లలో పరిస్థితి మరోలా ఉంది. ఇక్కడ చాలామంది వడ్రంగులు చెక్క కోయడానికి వాడేది చెక్క రంపమే కాదు, బండలు కోసే మార్బుల్ కట్టరు. నాలుగు అంగుళాల ఆ యంత్రానికి పళ్ల బ్లేడు బిగిస్తారు. అది నిమిషానికి 12,000 నుంచి 13,000 చుట్లు తిరుగుతుంది. చెక్క కోసే అసలైన చేతిరంపు యంత్రానికి కింద స్ప్రింగుతో మూసుకునే గార్డు ఉంటుంది. కోత పూర్తికాగానే అది బ్లేడును కప్పేస్తుంది. మార్బుల్ కట్టరుకు అలాంటిది ఉండదు. కోత అయ్యాక కింద పెట్టినా, తొడ మీదికి జారినా, ఇంకా తిరుగుతున్న బ్లేడు తెరిచే ఉంటుంది. కొందరు దానిని బల్ల కింద తలకిందులుగా బిగించి, బ్లేడును పైకి పొడుచుకొచ్చేలా చేసి, టేబుల్ రంపంగా వాడతారు. గార్డు లేదు, రైవింగ్ నైఫ్ లేదు, చేతికందే స్విచ్చు కూడా లేదు. 1844కు ముందు నాటి మిల్లును మన వరండాలో మనమే తిరిగి కట్టుకుంటున్నాం.

వేలును గుర్తుపట్టే రంపం

ఇక్కడ నాకు ఎంతో ఆసక్తి కలిగించిన ఒక ఉదంతం చెప్పాలి. స్టీవ్ గాస్ అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రంలో పేటెంట్ల న్యాయవాది. భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొందినవాడు, చెక్కపని అంటే ఇష్టపడేవాడు. 1999లో ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. మనిషి శరీరం విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, ఎండిన చెక్క ప్రసరింపజేయదు. బ్లేడులో అతి స్వల్పమైన విద్యుత్ సంకేతాన్ని ఉంచితే, చర్మం తగలగానే ఆ సంకేతం మారుతుంది. ఆ మార్పును గుర్తించి బ్లేడును ఆపలేమా?

ఆపగలిగాడు. సంకేతం మారిన వెంటనే ఒక స్ప్రింగు అల్యూమినియం దిమ్మెను బ్లేడు పళ్లలోకి నెడుతుంది. సెకనులో వెయ్యింట ఐదు వంతుల వ్యవధిలో బ్లేడు ఆగి, బల్ల కిందికి దిగిపోతుంది. 2000 సంవత్సరంలో అట్లాంటాలో జరిగిన చెక్కపని యంత్రాల ప్రదర్శనలో ఆయన వేలికి బదులు ఒక హాట్‌డాగ్‌ను తిరుగుతున్న బ్లేడుకు తగిలించి చూపించాడు. దానిమీద చిన్న గీటు మాత్రమే పడింది. ఆ తరువాత తన సొంత వేలితోనూ పరీక్షించాడు.

పెద్ద యంత్రాల కంపెనీలు ఆ ఆవిష్కరణను స్వీకరించలేదు. ఖర్చు పెరుగుతుందన్నారు, ఒక్కరి పేటెంట్లకు అందరూ లోబడాల్సి వస్తుందన్నారు. అందులో కొంత న్యాయం లేకపోలేదు. గాస్, ఆయన మిత్రులు సాస్టాప్ అనే సొంత సంస్థ పెట్టి 2004లో యంత్రాలు అమ్మడం ప్రారంభించారు. ఇటువంటి రక్షణను అన్ని టేబుల్ రంపాలకూ తప్పనిసరి చేయాలని 2003లో అమెరికా ప్రభుత్వ వినియోగదారుల భద్రతా సంఘానికి అర్జీ పెట్టారు. ఆ అర్జీ పూర్తిస్థాయి నియమ ప్రతిపాదనగా ప్రజల ముందుకు రావడానికి 2017 వచ్చింది. పద్నాలుగేళ్లు! ఆ పద్నాలుగేళ్ల వాదోపవాదాల్లో 1855 నాటి మాటలే మళ్లీ వినిపించాయి. ఖర్చు ఎక్కువ, గార్డు వాడితే చాలు, తప్పు వాడేవాడిదే.

అతికించగలం, తిరిగి ఇవ్వలేం

“ఇప్పుడు తెగిన వేళ్లు అతికిస్తున్నారు కదా” అని మీరు అనవచ్చు. నిజమే, అదీ గొప్ప చరిత్రే. 1960లో అమెరికాలో జూలియస్ జేకబ్సన్ సూక్ష్మదర్శిని కింద సన్నని రక్తనాళాలను కుట్టి చూపించాడు. 1962లో బోస్టన్‌లో రోనాల్డ్ మాల్ట్ బృందం రైలు ప్రమాదంలో తెగిన పన్నెండేళ్ల బాలుడి చేతిని అతికించింది. 1963లో షాంఘైలో చెన్ ఝోంగ్‌వెయ్ బృందం ఒక కార్మికుడి చేతిని నిలబెట్టింది. 1965లో జపాన్‌లోని నారాలో కొమాత్సు, తమాయ్ పూర్తిగా తెగిపోయిన బొటనవేలిని మొదటిసారి విజయవంతంగా అతికించారు. ఒక మిల్లీమీటరు వ్యాసమున్న నాళాన్ని వెంట్రుక కన్నా సన్నని దారంతో కుట్టే పని అది. మన దక్షిణాదిలో చెన్నై స్టాన్లీ ఆసుపత్రి, కోయంబత్తూరు గంగా ఆసుపత్రి చేతి శస్త్రచికిత్సకు పేరుపొందిన కేంద్రాలుగా ఎదిగాయి.

అయినా ఒక వైద్యుడిగా మీకు నిజం చెప్పాలి. కత్తితో తెగిన వేలు వేరు, రంపంతో తెగిన వేలు వేరు. రంపం కోయదు, తొలుచుకుంటూ పోతుంది. బ్లేడు మందమంత, అంటే సుమారు మూడు మిల్లీమీటర్ల ఎముక, నరం, రక్తనాళం పొట్టుగా రాలిపోతాయి. మిగిలిన అంచులు చీలికలు పేలికలవుతాయి. కుట్టడానికి ఆరోగ్యకరమైన నాళం కోసం ఇంకా వెనక్కి కోయవలసి వస్తుంది. అతికిన వేలు బతికినా, అది చాలాసార్లు బిగుసుకుపోతుంది, స్పర్శ తగ్గుతుంది, చలికి నొప్పెడుతుంది. చొక్కా గుండీ పెట్టుకోవడం, అన్నం ముద్ద కలుపుకోవడం, మనవరాలి జడ అల్లడం వంటి పనుల్లో ఆ లోటు ప్రతిరోజూ తెలుస్తుంది. శస్త్రచికిత్స పోయినదానిలో కొంత తెచ్చిపెడుతుంది. పోకుండా ఆపగలిగేది గార్డు ఒక్కటే.

మీ ఇంటికి మీరే తనిఖీ అధికారి

ఇంటికి చట్టం రాదు గనుక, ఆ కాపలా మీరే కాయాలి. “జాగ్రత్తగా ఉండండి” అని నేను ఇక చెప్పను. మీరు తల తిప్పిన క్షణంలో కూడా మిమ్మల్ని కాపాడే ఏర్పాట్లు చేసుకోండి అంటాను.

గార్డును, రైవింగ్ నైఫ్‌ను తీయకండి. ఏదైనా ప్రత్యేకమైన కోతకోసం తీయక తప్పకపోతే, ఆ కోత కాగానే తిరిగి బిగించాకే మరో చెక్కను ముట్టుకోండి. స్ప్రింగు గార్డును తాడుతో కట్టేయడం, మేకుతో బిగించడం వద్దు.

చెక్కకు చెక్క రంపమే వాడండి. మార్బుల్ కట్టరుకు, గ్రైండరుకు పళ్ల బ్లేడు బిగించడం మానండి. ఇంటి పనికి వచ్చే వడ్రంగి దానిని బల్ల కింద తలకిందులుగా బిగిస్తుంటే, మీ ఇంట్లో ఆ పని జరగనివ్వకండి. సరైన యంత్రం అద్దెకు తెచ్చే ఖర్చు మీరే భరించినా, అది ఆసుపత్రి ఖర్చులో చిన్న భాగమే.

బ్లేడు దగ్గరికి చెయ్యి పోవలసిన చోట తోపుడుకర్ర పోవాలి. జానెడు కన్నా తక్కువ వెడల్పున్న ముక్కను చేతితో తోయకండి. బ్లేడుకు ఎదురుగా కాక, కాస్త పక్కకు నిలబడండి. చెక్క వెనక్కి తన్నినా మీకు తగలదు. బ్లేడు చెక్క మందానికి కొంచెం మాత్రమే పైకి కనిపించేలా ఎత్తు సరిచేయండి.

మన దగ్గర ప్రత్యేకంగా చూసుకోవలసింది కరెంటు కోత. కరెంటు పోయినప్పుడు స్విచ్చు వేసి ఉంచి, బ్లేడులో ఇరుక్కున్న ముక్కను తీయబోతాం. అంతలో కరెంటు వస్తుంది. కరెంటు పోయి వచ్చినా తనంతట తాను తిరగని స్విచ్చులు దొరుకుతాయి. అటువంటిది బిగించుకోండి. అది లేకపోతే, కరెంటు పోగానే మొదట ప్లగ్గు పీకండి. బ్లేడు మార్చేటప్పుడూ, శుభ్రం చేసేటప్పుడూ ఇదే నియమం.

లుంగీ, కండువా, వదులు చొక్కా, చేతికి కట్టుకున్న తోరాలు, ఉంగరాలు, గ్లవ్స్ తిరిగే బ్లేడు దగ్గర పనికిరావు. గ్లవ్స్ చేతిని కాపాడవు, పట్టుకుని లోపలికి లాగుతాయి. కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు మాత్రం తప్పనిసరి. రంపపు పొట్టును ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 1995లోనే క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

మద్యం తాగినప్పుడే కాదు, జలుబుకో దురదకో మగత కలిగించే మాత్ర వేసుకున్న రోజునా యంత్రం ముట్టకండి. ఫోనును షెడ్డు బయట వదలండి. పని చేస్తున్నప్పుడు వెనుకనుంచి పిలవకూడదని ఇంట్లోవారికి చెప్పండి. పని కాగానే ప్లగ్గు తీసి, పిల్లలకు అందకుండా తాళం వేయండి.

ప్రమాదం జరిగితే

ఇన్ని చేసినా ప్రమాదం జరిగితే, ఆ టిఫిన్ డబ్బాను గుర్తుచేసుకోండి.

గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి, చేతిని గుండె కన్నా ఎత్తులో ఉంచండి. కాఫీపొడి, పసుపు, సిరా, పేస్టు ఏదీ అద్దకండి. దారంతో వేలు మొదట్లో బిగించి కట్టకండి. వేలు కొద్దిపాటి చర్మంతో వేలాడుతుంటే దానిని తెంపకండి, అలాగే మెల్లగా చుట్టి తీసుకెళ్లండి.

పూర్తిగా తెగిన వేలుంటే, శుభ్రమైన నీటితో మెల్లగా కడిగి, తడిపి పిండిన గాజుగుడ్డలో చుట్టండి. నీరు చొరబడని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టండి. ఆ సంచిని మంచుముక్కలు వేసిన నీళ్లలో ఉంచండి. వేలికి మంచు నేరుగా తగలకూడదు, తగిలితే కణాలు గడ్డకట్టి చచ్చిపోతాయి. ఇలా చల్లగా ఉంచిన వేలుకు దాదాపు ఒక రోజు వ్యవధి ఉండవచ్చు. వెచ్చగా వదిలేస్తే ఆ వ్యవధి సగమే. మణికట్టు పైన తెగితే, అక్కడ కండ ఎక్కువ గనుక, గంటలు ఇంకా తక్కువ. ఏ ముక్కనూ చిన్నదని పారేయకండి. అతికేదీ అతకనిదీ శస్త్రవైద్యుడు నిర్ణయిస్తాడు.

మత్తు ఇవ్వవలసి రావచ్చు గనుక తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలై నేడు ఎన్నో రాష్ట్రాల్లో నడుస్తున్న 108కు ఫోను చేయండి. వేళ్లు అతికించే సౌకర్యం ఉన్న ఆసుపత్రి మీకు దగ్గరలో ఏదో ఈరోజే తెలుసుకుని, ఆ నంబరు షెడ్డు గోడమీద రాసిపెట్టండి. రక్తం కారుతున్న సమయంలో వెతకడం చాలా కష్టం.

ఆ మాస్టారు ఆరు నెలల తరువాత మళ్లీ వచ్చారు. మిగిలిన వేళ్లతో చేసిన చిన్న పీట ఒకటి నా బల్ల మీద పెట్టారు. కోతలు కాస్త వంకరగా ఉన్నాయి. “గార్డు బిగించాక గీత సరిగా కనబడట్లేదండీ” అని నవ్వారు. ఆ పీట ఈనాటికీ మా ఇంట్లో ఉంది. నాకు తెలిసినంతలో అంతకన్నా సొగసైన వంకర కోత మరొకటి లేదు.

ఈ ఆదివారం మీ షెడ్డులోకి వెళ్లినప్పుడు, స్విచ్చు వేయకముందు అటకమీద ధూళిపట్టి ఉన్న ఆ గార్డును కిందికి దింపండి. తుడిచి, దాని చోట దానిని బిగించండి. అంతవరకు ఏ చెక్కనూ ముట్టుకోకండి.

మీ పది వేళ్లూ చల్లగా ఉండాలని కోరుకుంటూ, సెలవు.